ఖాళీ దెబ్బ

సాయినాథ్ చేసిన పనిని నరసింహులు ఈ జన్మలో క్షమించడు. ఇంకెవరైనా చేసి ఉంటే నాలుగు తిట్లు తిట్టి, ఉలి చేతికి తీసుకుని, అన్నం వేళకు మరిచిపోయేవాడు. కానీ చేసింది సాయినాథ్. నంద్యాలలో అంగడి ఉన్నవాడు, డిగ్రీ చదివినవాడు, ఒకప్పుడు నరసింహులు కంచంలోంచి జొన్నరొట్టె తుంచుకుని తిన్నవాడు.

పోయిన వారం మనం నరసింహులును ఆళ్ళగడ్డలో, సగం చెక్కిన నంది పక్కన, బెంగళూరు నుంచి వచ్చిన అట్టపెట్టె ముందు వదిలిపెట్టాం. పెట్టెలో రెండు నల్లటి రికార్డులు ఉన్నాయి, పాతకాలపు గ్రామఫోను ప్లేట్లంత పెద్దవి. ఒకదాని మీద 'కరెంటు లేదు' అనీ, ఇంకోదాని మీద 'ఈడ మేముండాం' అనీ రాసి ఉంది. తొంభై ఎనిమిదిలో ఒకటి, రెండువేల ఒకటిలో ఒకటి 'గుండ్రాయి' అనే బ్యాండు తెచ్చిన కేసెట్లు అవి. బ్యాండంటే ముగ్గురే మనుషులు. నంద్యాల సాయినాథ్ గిటారు, చాగలమర్రి దావీదు గొంతు, ఆళ్ళగడ్డ నరసింహులు డ్రమ్స్. పాట నిమిషంన్నర దాటదు. డ్రమ్స్ తరుముతుంది, గిటారు రంపంలా కోస్తుంది, దావీదు పాడడు, అరుస్తాడు. నీళ్ళ మీద అరుస్తాడు, కరెంటు మీద అరుస్తాడు, నకిలీ పత్తి విత్తనాలు అమ్మినవాడి మీద అరుస్తాడు. దాన్ని థ్రాష్ అంటారనీ, హార్డ్‌కోర్ పంక్ అంటారనీ, ఆ రెండూ కలిస్తే గుండ్రాయి అవుతుందనీ సాయినాథ్ చెప్పేవాడు. అప్పట్లో ఆ కేసెట్లను కొన్నవాళ్ళకంటే తిట్టినవాళ్ళే ఎక్కువ. ఇన్నేళ్ళ తర్వాత బెంగళూరు పిల్లలెవరో వాటిని తవ్వి తీసి, మళ్ళీ అచ్చు వేసి అమ్ముతున్నారు.

దాని మీద కోపం లేదు నరసింహులుకు. కోపమంతా 'ఈడ మేముండాం' వెనక అట్ట మీద. గిటారు, సాయినాథ్. గాత్రం, దావీదు. రచన, నరసింహులు.

రచన! ఏడో తరగతిలో బడి వదిలి నాయన పక్కన ఉలి పట్టుకున్నవాడు, ఇవాళ్టికీ బస్సు బోర్డు కూడబలుక్కుని చదివేవాడు రచన చేశాడట. డ్రమ్స్ అన్న మాటే లేదు. అట్టను తిప్పి చూశాడు, ఆరుబయటకు తెచ్చి చూశాడు. ఎక్కడా లేదు.

ఒక్క సంగతి మీరు తెలుసుకోవాలి. ముప్పై అయిదేళ్ళుగా నరసింహులు చెక్కిన దేవుళ్ళు ఎన్నో ఊళ్ళలో పూజలందుకుంటున్నారు. పీఠం మీద విరాళమిచ్చిన దాత పేరుంటుంది, ప్రతిష్ఠ చేసిన తేదీ ఉంటుంది, చెక్కినవాడి పేరుండదు. అది వాళ్ళ వృత్తిలో మామూలే. నరసింహులు పేరు ఈ లోకంలో అచ్చయింది ఒకే ఒక్క చోట, ఆ కేసెట్ల అట్ట మీద. దాని కోసం రుద్రవరం దగ్గరున్న చేను కూడా అమ్ముకున్నాడు. రెండో కేసెట్టుకు గది బాడుగ, డ్రమ్స్ ఖర్చు అన్నీ ఆ చేను మింగింది. ఇప్పటికీ బస్సు ఆ దారిన పోతే వాడు కళ్ళు మూసుకుంటాడు. ఆ ఒక్క చోటా ఇప్పుడు పేరు పక్కన వాడి పని లేదు.

పదకొండు గంటల బస్సెక్కాడు. రికార్డును చంకలో పెట్టుకుని, శిరివెళ్ళ దాటిందాకా నిలబడే ప్రయాణం చేశాడు. కూర్చుంటే కోపం తగ్గుతుందేమోనని భయం.

సంజీవనగర్ గేటు దగ్గర సాయినాథ్ వాళ్ళ పెయింట్ల అంగడి. గల్లా పెట్టె దగ్గర వాళ్ళమ్మ ఉమామహేశ్వరమ్మ కూర్చుని ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, కళ్ళద్దాలు పైకెత్తి చూసింది.

"ఏమప్పా నరసింహులూ! బతికే ఉండావా? ఇన్నేండ్లకు దారి తప్పినావే!"

"సాయి యాడమ్మా?"

"లోపలుండాడు. ఏందీ, మళ్ళా వాయిస్తారా ఏం? ముందే చెప్పప్పా. ఆ కాలంలో మీరు మిద్దె మీద వాయిస్తాంటే ఎదురింటోళ్ళ ఎనుము పాలు చేపకపాయె. వాళ్ళు నాతో రెండేండ్లు మాట్లాడలే."

"వాయించేది లేదమ్మా. నీ కొడుకును వాయిద్దామని వచ్చినా."

"కొట్టుకోండి. డబ్బాల మీద మాత్రం పడొద్దండి, అవి కొత్త సరుకు" అని ఆమె మళ్ళీ బిల్లుల పుస్తకంలోకి వంగింది.

లోపలి గదిలో సాయినాథ్ రంగుల అట్ట ముందేసుకుని ఏదో చూస్తున్నాడు. జుట్టు పోయింది. ఎడమ చెవిలో చిన్న మిషను ఉంది. నరసింహులు రికార్డును బల్ల మీద విసిరినట్టు పెట్టి, బస్సులో కూడబెట్టుకున్నదంతా ఒక్కసారిగా కక్కేశాడు. తలెత్తి చూసిన సాయినాథ్ ముఖంలో మొదట సంతోషం కనిపించింది, తర్వాత అయోమయం. మెల్లగా కుడి చెవి మీద వేలు పెట్టి చూపించాడు.

"నరసిమ్మా, తిట్టేదుంటే ఈ పక్కకొచ్చి తిట్టప్పా. ఆ చెవి పోయి పదేండ్లాయె. మన పాటలే తినేసినాయి దాన్ని. మిషను పెట్టినా మాటలు కలిసిపోతాయి."

ఇరవై నాలుగేళ్ళ తర్వాత తిట్టడానికి వచ్చి, తిట్లన్నీ చెవిటి చెవిలో పోశానని తెలిస్తే ఎవరికైనా నీరసం వస్తుంది. నరసింహులు బల్లను చుట్టి కుడి పక్కకు వచ్చాడు. రెండోసారి చెప్పేసరికి తిట్లు సగమే గుర్తొచ్చాయి.

"సదువు రానోడికి రచన అని పేరు పెడితివే. ఊరంతా నవ్వల్లనే కదా? ఆ మాటలు దావీదువి. సచ్చిపోయినోడి మాటలు నా నెత్తిన యాల పెడితివి? వాడి సమాధి రాయి చెక్కిన చేతులప్పా ఇవి! వాడి మాట దొంగిలిస్తానా నేను?"

దావీదు పోయి పదహారేళ్ళు. చాగలమర్రి దగ్గర హైవే మీద లారీ గుద్దింది. బోర్డులు రాసి బతికేవాడు. నరసింహులు వాడికి నల్లరాయి చెక్కి ఆటోలో పంపించాడు, కానీ నిలబెట్టేటప్పుడు చూడలేక తాను పోలేదు.

సాయినాథ్ సొరుగు లాగి, ప్లాస్టిక్కు కవరులోంచి ఒక చిన్న అట్ట తీశాడు. రెండో కేసెట్టు పెట్టెలో పెట్టిన అసలు అట్ట అది. దావీదు కుంచెతో స్వయంగా రాసింది. అక్షరాల తలకట్లు చూస్తేనే నరసింహులు ఆ చేతిని గుర్తుపట్టాడు. వాడు తలకట్టును కోడి తోకలా పైకి లేపేవాడు.

"సదువు" అన్నాడు సాయినాథ్.

"గిటారు, సాయినాథ్. గొంతు, దావీదు." నరసింహులు వేలు పెట్టుకుని చదివాడు. "రాయి, నరసింహులు."

"డ్రమ్స్ అని రాయడం వానికిష్టం లేకపాయె. 'వాడు వాయించేది డ్రమ్స్ కాదురా, రాయి' అనె. గుర్తుండాదా?"

గుర్తుంది. కుంచె నోట్లో పెట్టుకుని నవ్వడం కూడా గుర్తుంది.

"బెంగళూరు పిల్లోడు హర్ష అని, తెలుగోడే గానీ ఆడనే పుట్టి పెరిగినాడు. రాయి అంటే వానికి పలకా బలపం గుర్తొచ్చింది. రాయి, రాయవయ్యా అంటాం చూడు, అట్లనుకున్యాడు. రాసింది నరసింహులు, అంటే రచన నరసింహులు. అచ్చు అయిపోయి వచ్చినాక చూస్తిని నేను. ఫోన్ చేసి తిడితే, 'అంకుల్, మరి స్టోన్ అని ఎందుకనుకుంటాను, స్టోన్ ఎవరైనా వాయిస్తారా' అనె."

నరసింహులు అట్టను చూశాడు. సాయినాథ్‌ను చూశాడు. ఎక్కడో కడుపులోంచి నవ్వు ఎగదన్నింది. ఆపుకుందామనుకున్నాడు, వల్ల కాలేదు. ఇద్దరూ నవ్వారు. బల్ల పట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. బయటినుంచి ఉమామహేశ్వరమ్మ, "కొట్టుకుంటాండారా, నవ్వుతాండారా? ఏదో ఒకటి చేయండి" అని కేకేసింది.

నవ్వు తగ్గాక మిగిలిన మాట పైకి తేలింది.

"సరేప్పా. ఆ పిల్లోడికి తెలీలే. వాయించినోడు ఎవురని నిన్ను అడిగుంటాడు కదా. డ్రమ్స్ అని ఒక గీత యాల లేదు?"

సాయినాథ్ కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడిచాడు. తుడవడానికి ఏమీ లేకపోయినా తుడిచాడు.

"అడిగె. ఆ గీత వదిలేయమంటిని."

"నువ్వా?"

"నేనే. పది పాటల్లో తొమ్మిదికి నువ్వుండావు. పదోదానికి లేవు. నీ ఒక్కడి పేరే రాస్తే అబద్ధమైతాది. ఇంకో పేరు రాయడానికి నాకు నోరు లేదు, ఒట్టుండాది."

పదో పాట మాట వినగానే నరసింహులు ముఖం గట్టిపడింది. ఆ రోజు నిన్నటిలా ఉంది వాడికి. ఇదే నంద్యాలలో, భజన పాటలూ జాతర ప్రకటనలూ రికార్డు చేసే ఇరుకు గది. ఫ్యాను తిరిగితే మైకులో పడుతుందని ఆపేసి, చెమటలో తడిసి వాయిస్తున్నారు. పదో పాట మొదలుపెట్టగానే సాయినాథ్ చెయ్యెత్తి ఆపాడు. "నీ ఖాళీ దెబ్బ తీసేయప్పా. పాట కుంటుతాండాది" అన్నాడు.

ఖాళీ దెబ్బ అంటే నరసింహులు వాళ్ళ నాయన పని. ఉలి మీద మూడు దెబ్బలు గట్టిగా వేసి, నాలుగోది రాయి అంచున ఊరికే అలా ఆనిస్తాడు. దుమ్ము రాలడానికి, మణికట్టు సేద తీరడానికి. నాయన దగ్గర నేర్చుకున్నది డ్రమ్స్ మీదికి వచ్చింది. ఎంత వేగంగా వాయించినా ఆ నాలుగోది అలా మెల్లగా ఆనుతుంది. దాన్ని తీసేయమన్నాడు సాయినాథ్. నరసింహులు డ్రమ్స్ పుల్లలు గోడకేసి కొట్టి బయటికి నడిచాడు. చేను పోయింది, నా దెబ్బ కూడా పోవాలా అన్నాడు. అదే ఆఖరు. బ్యాండు పోయింది. దాంతో పాటు ఇంకో మనిషీ పోయింది.

ఆ మనిషి దావీదు చెల్లెలు వినీత. అన్న వెంట ఆళ్ళగడ్డ వచ్చేది. దావీదు పీఠాల మీద అక్షరాలకు రంగు వేస్తుంటే, ఆమె చెక్కని బండ మీద కూర్చుని, రెండు కందికట్టెలతో నరసింహులు దెబ్బకు దెబ్బ కలిపేది. ఇద్దరూ ఏమీ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సినంత దూరం ఉందని కూడా అనుకోలేదు. గొడవైన ఏడాదికి ఆమె నర్సు పనికి రాయవేలూరు పోయిందని ఎవరో అన్నారు. ఒక్క మాట చెప్పకుండా పోయింది. ఆ తర్వాత ఇంట్లో పెళ్ళి మాట ఎత్తిన ప్రతిసారీ నరసింహులుకు ఏదో ఒక పని గుర్తొచ్చేది.

"పదో పాట నువ్వు ఇన్యావా?" అన్నాడు సాయినాథ్.

"యాల ఇంటా? నేను లేని పాట నాకెందుకు?"

"కేసెట్టు నీ చేతికిచ్చినాడు కదా దావీదు."

ఇచ్చాడు. ఎర్రటి ఎండలో సైకిలు మీద వచ్చి, చేతిలో పెట్టి, "ఒకసారి ఇనురా, ఒక్కసారి" అని బతిమాలి పోయాడు. అది అరిగిపోయిన ఉలుల డబ్బా కింద, గూట్లో ఇప్పటికీ ఉంది. మీది కాగితం కూడా చించలేదు.

సాయినాథ్ లేచి మూలనున్న గుడ్డ తీశాడు. రికార్డు తిప్పే మిషను. "దీని కోసమే కొన్యా" అన్నాడు సిగ్గుపడుతూ. నల్లటి ప్లేటును రెండు అరచేతుల మధ్య పట్టుకుని, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టి, ముల్లు తొమ్మిదో పాట చివర దించాడు.

తన చేతులే వినిపించాయి నరసింహులుకు. ఇరవై నాలుగేళ్ళ వయసున్న చేతులు. అలుపు లేదు, భయం లేదు, రేపు ఉందన్న ఆలోచన లేదు. పాట తెగిపోయింది. పాత కేసెట్టులో కోసేసిన ముక్క ఏదో బెంగళూరు పిల్లలు అలాగే ఉంచారు. కుర్చీ కదిలిన చప్పుడు, ఎవరో దగ్గినట్టు. ఆ వెంటనే దావీదు గొంతు, అరుపు కాదు, మామూలు గొంతు.

"రేయ్ నరసిమ్మా, ఆ ఫ్యాను ఆపినావా? ఉడికిపోతాండాం గానీ ఆపు, ఆపు."

నరసింహులు చప్పున తల పైకెత్తాడు. గది పైకప్పుకు వేలాడుతున్న ఫ్యాను తిరుగుతోంది. చెయ్యి దానంతటదే స్విచ్చు దాకా పోయి ఆపేసింది. సాయినాథ్ చూసి ముఖం తిప్పుకున్నాడు.

పదో పాట మొదలైంది. ముందు డ్రమ్స్ ఒక్కటే.

మూడు దెబ్బలు. ఆగి, ఒక ఖాళీ దెబ్బ.

నరసింహులు మిషను మీదికి వంగాడు. తీసేయమన్నది ఇదే కదా. ఇదే దెబ్బ మీద కదా అంతా కూలింది. ఎవడు వాయించాడు, నా దెబ్బను నేను లేకుండా?

ఆ ఖాళీ దెబ్బ వెనకే ఇంకొకటి పడింది. ఇంకా మెల్లగా. వేలితో తలుపు తట్టినట్టు.

మూడు గట్టివి. రెండు ఖాళీవి.

ఈ లోకంలో అలా కొట్టేది ఒక్కరే. బండ మీద కూర్చుని, కందికట్టెలతో, నరసింహులు నాయన లేని వేళ చూసి. "నాలుగోది చేతికి సేద తీరడానికి అంటిని కదా. మరి అయిదోది?" అని ఇతను అడిగితే, "అది నీకు" అన్నది.

దావీదు అరుస్తున్నాడు. 'బేగా రా, బేగా రా' అని పాట. నరసింహులుకు మాటలు వినబడలేదు. ఆ రెండు ఖాళీలే వినబడ్డాయి, పాట పొడుగునా, మూడు తర్వాత రెండు, మూడు తర్వాత రెండు. నిమిషం పది సెకన్లలో అయిపోయింది. ముల్లు ఖాళీ గీతలో గిరగిర తిరుగుతూ ఉంది.

"వినీత" అన్నాడు. ఆ పేరు నోటితో పలికి ఎన్నేళ్ళయిందో.

"నేను చెప్పలే. నువ్వే కనుక్కున్యావు." సాయినాథ్ గుండెల మీది బరువు దింపినట్టు ఊపిరి వదిలాడు. "నువ్వు పోయినాక మాకేం తోచలే. గది మనది సాయంత్రం దాకనే. ఆయమ్మి మనకు అన్నం క్యారియరు తెచ్చినాది. సంగతి ఇని, క్యారియరు ఆడ పెట్టి, పోయి నీ స్టూలు మీద కూచున్యాది. నాకొకటే దెబ్బ వచ్చు అన్నాది. ఒకే తడవ వాయించె. నేను మళ్ళా నోరెత్తితే ఒట్టు."

"నాకు యాల చెప్పలేదప్పా?"

"ఒట్టేయించుకున్యాది. నాతోనూ, వాళ్ళన్నతోనూ. 'చెప్పొద్దండి. ఆయన ఒకరోజు ఇంటాడు. ఇంటే తెలుస్తాది. తెలిస్తే వస్తాడు' అన్నాది. ఏడాది చూసినాది నరసిమ్మా. బస్సు ఆగితే చాలు గడపలోకి వచ్చేదంట. దావీదు చెప్పి ఏడ్చినాడు నాతో."

నరసింహులుకు గూట్లో, ఉలుల డబ్బా కింద, చించని కాగితం కళ్ళ ముందు కదిలింది. చేయి చాచితే అందేంత దూరంలో ఉండింది. ప్రతి పొద్దున ఆ డబ్బా తీశాడు, పెట్టాడు. అన్నేళ్ళూ ఆమె తలుపు తడుతూనే ఉంది, ఆ కాగితం వెనకాల.

"సాయీ, నువ్వు నన్ను అప్పుడు ఆ దెబ్బ తీసేయమనకుండా ఉంటే..." అని మొదలుపెట్టి ఆపేశాడు. పొద్దున బస్సులో పెట్టుకుని వచ్చిన కోపం కోసం లోపల వెతికాడు. అది అక్కడ లేదు. దాని చోటు మాత్రం అలాగే ఉంది, ఖాళీగా.

"తప్పే నాది" అన్నాడు సాయినాథ్. "నాకప్పుడు చెవులు రెండూ బాగుండె, అయినా ఇనపడలే."

సాయినాథ్ ముల్లు ఎత్తి, మళ్ళీ సొరుగు దగ్గరికి వెళ్ళాడు.

"ఇంకొకటుండాది. పోయిన శనివారం ఆయమ్మి ఈడికొచ్చె."

"ఈడికా? యాడుండాది ఇప్పుడు?"

"సగం జుట్టు తెల్లబడినాది. మనిషి అట్లనే ఉండాది. రికార్డు ఒకటి కొనుక్కున్యాది, దుడ్లు వద్దన్నా ఇచ్చె. పదో పాట ఇన్నాకనే ఇది ఆయనకియ్యి, ఇనకపోతే చించేయి అని చెప్పిపాయె."

నాలుగు మడతలు పెట్టిన నోటుపుస్తకం కాగితం. సాయినాథ్ దాన్ని అందిస్తూ బుర్ర గోక్కున్నాడు.

"అడ్రసంట. ఇదేం అడ్రసప్పా? ఇంటి నంబరు లేదు, వీధి లేదు. రుద్రవరం అని రాసి, కింద ఏదో లెక్కేసింది. నాకేం అర్థం కాలే. అడిగితే 'ఆయనకు తెలుస్తాది' అని నవ్వె."

నరసింహులు మడతలు విప్పాడు. అక్షరాల దగ్గర వాడు ఆగి ఆగి నడుస్తాడు. అంకెల దగ్గర ఆగాల్సిన పని రాలేదు. చేను అమ్మిన నాడు ఆళ్ళగడ్డ రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం గీకిన కాగితం మీద ఇవే అంకెలు, ఇదే వరుసలో ఉన్నాయి. బస్సులో కళ్ళు మూసుకున్నప్పుడల్లా రెప్పల వెనక కనిపించినవి ఇవే.

సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై రెండు. ఒక ఎకరా పదిహేడు సెంట్లు.